ఎనభై నాలుగు క్యారెట్లు, ఒక నిమ్మచెట్టు

నాకు ఓపిక లేదని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా ఒకేలాంటి ఇనప కడ్డీలు కొలుస్తూ కూర్చున్న మనిషిని నేను. మా కంపెనీలో నీళ్ళ పంపులు తయారవుతాయి. పంపు కడుపులో తిరిగే కడ్డీని షాఫ్ట్ అంటారు. యాభై షాఫ్టుల పెట్టె వస్తే అందులోంచి అయిదు తీస్తాను, వెర్నియర్ పెట్టి మందం కొలుస్తాను, బాగుంటే ఆ పెట్టెకి పచ్చ ట్యాగ్ కడతాను, బాగులేకపోతే ఎర్రది. ఎటూ తేల్చుకోలేనివాటికి పసుపు ట్యాగ్. దాని మీద 'హోల్డ్' అని ఉంటుంది. అంటే ఆ పెట్టె పాసూ కాదు, ఫెయిలూ కాదు, మళ్ళీ చూసేదాకా ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ పసుపు ట్యాగంటే నాకు పరమ అసహ్యం. ఇన్నేళ్ళలో నేను కట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అటో ఇటో తేల్చి పారేస్తే గానీ నాకు ముద్ద దిగదు.

అలాంటివాణ్ణి, ఈ గొడవ మొదలయ్యేనాటికి ఇంట్లో పద్నాలుగు నెలలుగా ఒకే ఒక్క సంగతి తేల్చుకోలేక చస్తున్నాను. పన్నెండేళ్ళ పిల్లకి నేనంటే ఇష్టమా, కాదా?

ఆ పిల్ల నా భార్య కూతురు. నాది ఆలస్యపు పెళ్ళి, నా భార్యది రెండో పెళ్ళి. మొదటాయన ఇళ్ళకి రంగులు వేసే పెయింటరు. పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు జబ్బు చేసి పోయాడు. వాళ్ళమ్మ ఆ పిల్లని 'పిడుగు' అంటుంది. బడిలో పిడుగేనట, మేనమామ ఇంట్లో పిడుగేనట. నా దగ్గరికొచ్చేసరికి పిడుగూ లేదు, ఉరుమూ లేదు. ఎంతసేపూ 'అండి', 'మీరు'. నన్ను ఏమని పిలవాలో తెలీక పిలవడమే మానేసింది. నాతో పనుంటే గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటుంది. వాళ్ళమ్మతో చెప్పేటప్పుడు మాత్రం 'ఆయన'. "అమ్మా, ఆయన తువ్వాలు బాత్రూంలో వదిలేశారు" అంటుంది, నేను వింటూండగానే. నేను మీటరు చూసిపోయేవాణ్ణా, ఇల్లు అద్దెకి అడగొచ్చినవాణ్ణా?

నా భార్య కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం అద్దాలు మార్చి మార్చి "ఇప్పుడు కనిపిస్తోందా, ఇప్పుడో" అని అడిగే ఉద్యోగం. ఓపికంతా ఆమెదే.

"ఏం తొందర మీకు? దానంతటదే దగ్గరవుతుంది" అంది ఒకసారి.

"పద్నాలుగు నెలలైంది."

"మీ పంపుకి రెండేళ్ళ గ్యారంటీ ఇస్తారు కదా. నా కూతురికి అంతైనా ఇవ్వరా?"



ఇక అసలు గొడవ బకెట్ దగ్గర మొదలైంది. వాళ్ళు నా ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానులో ఒక ఇరవై లీటర్ల పెయింటు బకెట్ ఉంది. పైనంతా రకరకాల రంగుల చారలు. అందులో నిమ్మచెట్టు. పెయింటరు బతికుండగా ఒకరోజు ఎండన పడి ఇంటికొచ్చి, నిమ్మకాయ పిండుకుని నీళ్ళు తాగి, గింజల్ని పిల్ల చేతిలో పెట్టాడట. ఇద్దరూ కలిసి ఖాళీ బకెట్లో మట్టి పోసి పాతారట. నాలుగేళ్ళ చెట్టు. బొటనవేలంత మందం, పిల్ల భుజం ఎత్తు, ఒళ్ళంతా ముళ్ళు. ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. వేళ్ళు తిరగడానికి చోటు చాలక ఆకులు పసుపు తిరుగుతున్నాయి. దాన్ని నేలలో పెట్టాలి.

పెట్టడానికి నేలేదీ? మా పెరడు మూడు వైపులా గోడలు. ఒక మూల బట్టలుతికే బండ, ఇంకో మూల నీళ్ళ మోటారు, పక్కింటి మేడ నీడ మిగతా అంతా. ఎండ సరిగ్గా ఎంత మేర పడుతుందో ఒక ఆదివారం గంటగంటకీ ముగ్గుపిండితో గీసి చూశాను. ఎనిమిది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. ఆరు గంటల ఎండ అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. ఆ చోటు మీద నాకు వేరే ఆశ ఉంది. అందులో క్యారెట్లు వెయ్యాలి. మూడు నెలల్లో నా చేత్తో తవ్వి, కడిగి, ఆ పిల్ల చేతిలో పెట్టాలి. చచ్చిపోయిన మనిషి గింజ పాతి వెళ్ళాడు, బతికున్న నేను ఏదైనా పండించి చూపించాలి కదా. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, రంగు చారల బకెట్ని చూస్తే నాకు కడుపు మండేది.

నేను ఏదీ ఊరికే అనను. కాగితం మీద పెడతాను. కంపెనీ తనిఖీ కాగితం ఒకటి వెనక్కి తిప్పి, మధ్యలో గీత గీసి, ఒకవైపు క్యారెట్, ఒకవైపు నిమ్మ అని రాశాను. ఎన్నాళ్ళకి చేతికొస్తుంది? క్యారెట్ తొంభై రోజులు, నిమ్మ ఇంకో మూడేళ్ళు, అదీ కాస్తే. ఎంత లోతు మట్టి కావాలి? క్యారెట్‌కి జానెడు, నిమ్మకి ఎంతో ఎవడికీ తెలీదు. ఎన్ని వస్తాయి? క్యారెట్ వరసకి పన్నెండు చొప్పున ఏడు వరసలు, ఎనభై నాలుగు. నిమ్మకి సున్నా వేశాను. ముళ్ళు? దీనికి లేవు, దానికి ఉన్నాయి. బాగా రాకపోతే మళ్ళీ వేసుకోవచ్చా? దీనికి అవును, దానికి కాదు. ఎనిమిది అంశాల్లో ఏడు క్యారెట్‌వే. ఎండ ఒక్కటీ రెండింటికీ సమానం. కింద సంతకం కూడా పెట్టి, ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద ఉంచాను.

సాయంత్రం వచ్చి చూస్తే కింద పెన్సిల్‌తో ఇంకో వరస చేరింది. గుండ్రటి అక్షరాలు. 'ఇప్పటికే ఉన్నది' అని రాసి, క్యారెట్ వైపు ఇంటూ మార్కు, నిమ్మ వైపు టిక్కు పెట్టి ఉంది.

పొయ్యి దగ్గరున్న నా భార్య వెనక్కి తిరక్కుండానే నవ్వుతోందని ఆమె వీపు చూస్తేనే తెలిసింది.

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మీరిద్దరూ కూర్చోండి. ఒక పక్క అదీ, ఇంకో పక్క ఇదీ పెట్టండి, పీడా వదిలిపోతుంది" అంది.

అలాగే పెట్టాం. మూడడుగుల మేర నిమ్మకి, అయిదడుగులు క్యారెట్లకి. క్యారెట్ మడిలో మట్టిని జల్లెడ పట్టి, ఒక్క రాయి లేకుండా ఏరి, దారం కట్టి, వరసలు దగ్గర చేసి, ఆ ఎనభై నాలుగూ పట్టేలా వేలెడేసి దూరంలో గింజలు వేశాను. నిమ్మచెట్టు తియ్యడానికి బకెట్ని రంపంతో చీలుద్దామన్నాను. గుమ్మం దగ్గర గొంతు సవరింపు వినిపించింది.

"బకెట్ కొయ్యొద్దండి."

కొయ్యలేదు. నీళ్ళు పోసి, చుట్టూ తట్టి, పడుకోబెట్టి లాగాం. నేను మొదలు పట్టుకున్నాను, పిల్ల బకెట్ పట్టుకుంది. కొన్ని వేళ్ళు తెగాయి, ఆ చప్పుడు ఇద్దరం విన్నాం. చెట్టు నేలలోకి వెళ్ళింది. ఖాళీ బకెట్ని గోడ పక్కన బోర్లించి, పిల్ల దాని మీద కూర్చుంది. అదే ఆ రోజు నుంచి ఆమె పీట.

పది రోజుల్లో నిమ్మచెట్టు ఆకులన్నీ రాల్చేసింది. ఒక్కటి మిగల్లేదు. ముళ్ళ కర్ర నిలబడింది. పిల్ల నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. బడి నుంచి వచ్చి, బకెట్ మీద కూర్చుని, చెట్టుని చూసి, లోపలికెళ్ళిపోయేది. మూడో రోజుకి నేను తట్టుకోలేకపోయాను.

"ఇటు రా, చూపిస్తాను" అని చెట్టు దగ్గర కూర్చున్నాను. మొదలు మీద, నేల నుంచి సరిగ్గా జానెడు ఎత్తున, బొటనవేలి గోరుతో చిక్కుడు గింజంత మేర తొక్క గీకాను. కింద పచ్చగా, తడిగా ఉంది.

"పచ్చగా ఉంటే బతికున్నట్టు. లోపల ప్రాణం ఉంది. బయటికి కనిపించట్లేదంతే."

పిల్ల వంగి చూసింది. వేలు పెట్టి ముట్టుకుంది. వాసన చూసింది. తర్వాత నా మొహంలోకి చూసి నవ్వింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి నన్ను చూసి నవ్వింది. పైన ఒక పన్ను కాస్త పక్కకి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకేం కావాలి నాకు. ఆ ఆదివారం మళ్ళీ గీకి చూపించాను. మళ్ళీ పచ్చగా ఉంది, మళ్ళీ నవ్వింది. ఆదివారం పొద్దున పది గంటలకి నిమ్మచెట్టు తనిఖీ అని మా ఇద్దరికీ ఒక అలవాటైంది. ఆ కాసేపట్లో నా పని గురించి కూడా అడిగేది. ట్యాగుల కథ చెప్పాను. పాత ట్యాగుల కట్ట ఒకటి తెచ్చిస్తే పుస్తకాల్లో గుర్తులుగా పెట్టుకుంది.

"ఈ పసుపుది ఎప్పుడు కడతారండీ?"

"తేల్చుకోలేనప్పుడు. నేను కట్టను. తేల్చుకోలేకపోవడం చేతగానితనం."

"కట్టినదాన్ని ఎవరు విప్పుతారు?"

"ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. అది రూలు."

ఆదివారం రోజున గీకితే లోపల గోధుమరంగు కనిపిస్తే? ఆ నవ్వు ఏమైపోతుంది? ఆ భయంతో పనిరోజుల్లో కూడా, కంపెనీకి వెళ్ళేముందు, నేనొక్కణ్ణే వెళ్ళి గీకి చూసేవాణ్ణి. పచ్చగా ఉంటే హాయిగా బస్సెక్కేవాణ్ణి. ఒకచోట కొలత తీస్తే సరిపోదని మా పనిలో నియమం. షాఫ్ట్ కొలిచేటప్పుడు ఎత్తు మార్చకూడదు, కడ్డీని కొంచెం కొంచెం తిప్పుతూ అదే ఎత్తున చుట్టూ కొలవాలి. నా చేతికి ఇరవై రెండేళ్ళ అలవాటు. నేల నుంచి జానెడు, నిన్న గీకిన దాని పక్కన ఇవాళ, ఇవాళ్టి దాని పక్కన రేపు. ముందు గీకిన చోటు ఎండితే మానుతోందనుకున్నాను. నేను చూసింది పచ్చదనాన్ని, పోతున్న తొక్కని కాదు.

క్యారెట్ల సంగతి కూడా చెప్పాలి, పరువు పోయినా సరే. నేలలోపల ఉన్నదాన్ని నమ్మడం నా వల్ల కాదు. పైన ఆకు గుబురుగా ఉంటే అడుగున దుంప ఉన్నట్టేనా? నెల దాటాక వరసకి ఒకటి చొప్పున పీకి, వెర్నియర్‌తో కొలిచి, రాసుకుని, మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పేవాణ్ణి. మరుసటి వారానికి పెట్టినవి వాడిపోయి సన్నబడ్డాయి. కొలతలు పడిపోతే తీసే సంఖ్య రెట్టింపు చెయ్యాలన్నది మా రూలు. రెట్టింపు చేశాను. ఇంకా పడిపోయాయి. ఇంకా రెట్టింపు చేశాను.

"మీ కంపెనీలో కూడా ఇలాగే చూస్తే, అమ్మడానికి పంపులేమైనా మిగులుతున్నాయా?" అంది నా భార్య, తడిబట్టలు ఆరేస్తూ.

"చూడకుండా ఎలా తెలుస్తుంది?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకని. దుంప పని దుంప చేసుకుంటుంది, వదిలెయ్యండి."

వదలడం నాకు వస్తే ఈ కథే లేదు.

నలభయ్యో రోజున నిమ్మచెట్టుకి చిటారున రెండు చిగుళ్ళు వచ్చాయి. పిల్ల పరుగెత్తుకొచ్చి, గుమ్మం దగ్గర ఆగకుండా, గొంతు సవరించకుండా, నేరుగా నా కుర్చీ దగ్గరికొచ్చి "వచ్చేసింది" అంది. నేను చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకుని వెళ్ళి చూశాను. చిగురు వచ్చాక గీకడం ఆపొచ్చుగా అని మీరనొచ్చు. పాసైన సరుకుని కూడా పంపేముందు ఇంకోసారి చూడటం నా జబ్బు. ఆదివారపు అలవాటు పోతుందేమోనన్న బెంగ కూడా ఒకటి. గీకడం ఆగలేదు.

మూడు నెలలు నిండిన ఆదివారం క్యారెట్లు తవ్వాను. ఎనభై నాలుగు వేస్తే తిండికి పనికొచ్చేవి పదకొండు. వాటిలో ఒకటి రెండు కాళ్ళతో లాగూలా ఉంది. నిజం చెప్పాలంటే ఆ మడి ముందు గునపం పట్టుకుని నిలబడి ఏడుపొచ్చినంత పనైంది. మట్టి జల్లెడ పట్టిన చేతులు, దారం కట్టిన చేతులు, కొలతల పుస్తకంలో ఇరవై పేజీలు, అన్నీ కలిపి పదకొండు. కడిగి పళ్ళెంలో పెట్టి పిల్ల ముందుంచాను. ఒకటి తీసుకుని కొరికింది.

"బాగుందండి" అంది.

ఆ 'అండి' ఉందే, ఎవరింటికో వెళ్ళి కాఫీ తాగి మర్యాదకి చెప్పే మాటలా ఉంది.

"ఎలా ఉందో నిజం చెప్పు" అన్నాను, గొంతు పెరిగింది నాకు తెలియకుండానే.

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత మెల్లగా, "నిమ్మచెట్టు చిగుళ్ళు మాడిపోతున్నాయి. రెండు రోజుల్నుంచి. మీరు కోప్పడతారని చెప్పలేదు" అంది.

పెరట్లోకి వెళ్ళి చూస్తే నిజమే. చిగుళ్ళు తలలు వేలాడేసి, అంచులు నల్లబడి ఉన్నాయి. వీధి చివర మొక్కల నర్సరీ ఉంది. అక్కడి ముసలాయన్ని అప్పటికప్పుడు స్కూటరెక్కించుకుని తీసుకొచ్చాను. ఆయన మట్టి నలిపి చూశాడు, వేళ్ళ దగ్గర తవ్వి చూశాడు, "నీరు సరిపోయింది, వేళ్ళు బాగున్నాయి" అన్నాడు. తర్వాత మొదలు చుట్టూ వేలు పెట్టి తడిమి, ఒకచోట ఆగాడు. నేల నుంచి జానెడు ఎత్తున.

"ఇదిగో ఇక్కడండీ. చుట్టూరా తొక్క పోయింది. గాజు తొడిగినట్టు ఒక్క చుట్టు. తొక్కలోంచే కదా చెట్టు తినేది. పైకీ కిందకీ దారి తెగిపోయింది. పైదంతా ఇక ఎండిపోవడమే."

"ఎవరు చేస్తారు ఇలా?" అంది నా భార్య.

"ఎవరు చేస్తారమ్మా. ఉడుతలు కొరుకుతుంటాయి. ఎలకైనా అయ్యుండొచ్చు."

పిల్ల బకెట్ మీద కూర్చుని ఉంది. నా భార్య గోడ మీద ఉడుతల దారి ఎటుందా అని చూస్తోంది. ఉడుత అన్న మాట అక్కడ గాలిలో తయారుగా ఉంది. నేను నోరు మూసుకుంటే చాలు, అది నిజమైపోతుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పుడు కొలత రాయనివాణ్ణి, ఆ క్షణం ఉడుతని రాసేద్దామా అనిపించింది. పదిహేను నెలలు పట్టింది ఆ పన్ను చూడటానికీ, "వచ్చేసింది" అని వినడానికీ. ఇప్పుడు నిజం చెప్తే అదంతా పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు. గొడ్డలి చెయ్యాల్సిన పని నేను గోటితోనే చేశాను.

"ఉడుత కాదు, నేనే" అన్నాను.

నా భార్య గోడ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది. నేనే మాట్లాడాల్సి వచ్చింది.

"రోజూ పొద్దున్నే గీకి చూశాను. బతికుందో లేదోనని. ఆదివారాలే కాదు, రోజూ."

నర్సరీ ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రోజూనా? ఓపిక లేనివాళ్ళు మొక్కల జోలికి రాకూడదు సార్" అన్నాడు. వేరే రోజైతే ఆ మాటకి తగువు పెట్టుకునేవాణ్ణి.

పిల్ల బకెట్ మీద నుంచి లేచింది. మొహం ఎర్రబడింది.

"ఒకసారి చూశారుగా. పచ్చగా ఉందిగా. మళ్ళీ మళ్ళీ ఎందుకు చూడటం? నమ్మకం లేదా?"

చెట్టు గురించే అడిగింది. నాకు మాత్రం ఇంకెక్కడో తగిలింది.  పిల్ల లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

నర్సరీ ఆయన రంపం తెప్పించుకుని, గీకిన చుట్టుకి కింద, నేల నుంచి బెత్తెడు ఎత్తున చెట్టుని కోసేశాడు. "అంటు మొక్క కాదు, గింజ మొక్క. కింద నుంచి ఏదైనా లేస్తే ఇదే చెట్టు లేస్తుంది. లేవకపోనూవచ్చు. నలభై రోజులు దీని మీద చెయ్యి పెట్టకండి" అని, 'చెయ్యి' అన్నప్పుడు నా చేతుల వైపు చూసి, నడిచే వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళ చెట్టు బెత్తెడు మోడైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నేను దాని చుట్టూ ఎరువు వేద్దామా, నీడ కడదామా అని తిరుగుతుంటే, పిల్ల బయటికొచ్చి ముగ్గుపిండితో మోడు చుట్టూ గోడ దాకా గీత గీసింది. నాతో కాదు, వాళ్ళమ్మతో అంది: "ఆయన్ని ఈ గీత దాటొద్దని చెప్పు."

"విన్నారుగా" అంది నా భార్య.

వంటింట్లో ఆమెతో అన్నాను. "నేను ఫెయిల్ సరుకే. ఎర్ర ట్యాగ్ కట్టుకుని తిరగాలి. ఆ పిల్లకి ఇంక నా మొహం చూడాలని ఉండదు."

"తేల్చెయ్యడం తప్ప ఇంకో పని రాదా మీకు? దాని తరఫున కూడా మీరే తేల్చేస్తున్నారు. అది చెప్పిందా మీకు?" అని విసుక్కుంది. కళ్ళజోళ్ళ షాపు మనిషి విసుక్కోవడం నేను చూడటం అదే మొదలు. పక్క గదిలో పిల్ల ఉందన్న సంగతి మాకు తర్వాత గుర్తొచ్చింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. మోటారు వెయ్యడానికి రోజుకి రెండుసార్లు పెరట్లోకి వెళ్ళాలి. స్విచ్చు గీతకి రెండడుగుల దూరంలోనే. నేను గోడవైపు మొహం పెట్టి వెళ్ళి, గోడవైపు మొహం పెట్టి వచ్చేవాణ్ణి. పిల్ల సాయంత్రం బకెట్ మీద కూర్చుని మోడుని చూసేది. పిల్ల మొహం చూసి లోపల ఏముందో పట్టుకుందామనుకుంటే, నా అలికిడి వినగానే పుస్తకం అడ్డం పెట్టేసుకునేది. ఆదివారం పది గంటలైతే నా కాళ్ళు వాటంతటవే పెరటి తలుపు దాకా వెళ్ళేవి. గడియ మీద చెయ్యి వేసి, తిరిగి వచ్చేవాణ్ణి. కంపెనీలో నేను కసురుకోని మనిషి లేడు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరు మీద, షాఫ్ట్ మీద నూనె మరక ఉంటే, వాటిని తరిగే లేతు మిషను ఆయన మీద. "నీకేమైంది, ఎవరైనా పోయారా?" అని లేతు ఆయనే అడిగాడు. ఏం చెప్తాను, మోడు వైపు చూడకూడదని మా ఇంట్లో రూలు పెట్టారని చెప్పనా?

ముప్ఫై ఏడో రోజు. లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను కాబట్టి తెలుసు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. బెంచీ కింద సంచీలోంచి నా క్యారియర్ తీశాను. దాని పిడికి ఏదో కట్టి ఉంది. మా కంపెనీ పసుపు ట్యాగ్. ఎవరో వెధవ నాతో పరాచికాలాడుతున్నాడనుకుని, "ఎవడ్రా ఇది?" అని లేవబోయి, అక్షరాలు చూసి కూర్చున్నాను. గుండ్రటి అక్షరాలు, పెన్సిల్‌తో. ప్రతి గడీ నింపి ఉంది, ఒక్కటీ వదల్లేదు.

వస్తువు: ఇంకా పేరు పెట్టలేదు.

లోపం: ఊరికే గీకి చూస్తారు.

తీసుకోవలసిన చర్య: ఏమీ చెయ్యకూడదు. ఆగాలి.

మళ్ళీ తనిఖీ: పూత వచ్చాక.

తనిఖీ చేసినవారు: పిడుగు.

మొదటిసారి చదివితే హోల్డ్ అన్న మాటే కనిపించింది, ఉసూరుమంది. రెండోసారి చదివితే కింద సంతకం కనిపించింది. నా దగ్గర ఎన్నడూ పడని పిడుగు నా క్యారియర్ మీద పడింది. మూడోసారికి గానీ 'పూత వచ్చాక' అన్నది బుర్రకి ఎక్కలేదు. పూత రావాలంటే కొమ్మ ఉండాలి. కొమ్మకి ముందు చిగురు ఉండాలి. ఎండిన మోడుకి పూత తేదీ ఎవరూ రాయరు, పన్నెండేళ్ళ పిల్లైనా సరే, ఆ పిల్లైతే మరీను.

లేతు ఆయన నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏంటి, హోల్డా? ఎవరు కట్టారు?"

"మా అమ్మాయి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆయన పట్టించుకోలేదు, ఏం పూత అని అడిగి, నిమ్మది అంటే, దానికి ఎన్నాళ్ళు పడుతుందన్నాడు.

"మూడేళ్ళు. నాలుగైనా పట్టొచ్చు."

"నువ్వు? మూడేళ్ళు ఆగుతావా?" అని నవ్వాడు.

"నోరు మూసుకుని తిను" అన్నాను. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. మోటారు వెయ్యాలి. పెరట్లోకి వెళ్ళాను. పిల్ల బకెట్ మీద కూర్చుని ఉంది, ఈసారి పుస్తకం అడ్డం పెట్టుకోలేదు. నా చేతిలో క్యారియర్ వైపు, దానికి ఇంకా కట్టే ఉన్న ట్యాగ్ వైపు చూసింది. కట్టినవాళ్ళే విప్పాలి కదా. రెండడుగుల దూరంలో గీత. గీత అవతల ఏముందో ఒక్కసారి తల తిప్పితే తెలిసిపోతుంది. ఎన్ని చిగుళ్ళు, ఎంత పొడుగు, ఏ పక్కన. చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది.

గోడవైపు మొహం పెట్టుకుని స్విచ్చు వేసి, అలాగే లోపలికి వచ్చేశాను.